కంప్యూటర్‌ను ఆపింది ఎండేనా?

నూజివీడు చుట్టుపక్కల తోటల్లో రసాలు, బంగినపల్లి కోతకు వచ్చే రోజులూ, పిల్లల వేసవి సెలవులూ ఒకేసారి వస్తాయి. విజయవాడలోనో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో ఒక్కో భాగం బేరమాడి కొని, ఇంట్లోనే బిగించుకున్న గేమింగ్ కంప్యూటర్‌కు పని ఎక్కువయ్యేదీ అప్పుడే. ఆట మాంచి రసపట్టులో ఉండగా తెర నల్లబడుతుంది, ఫ్యాన్లు ఆగిపోతాయి. హెచ్చరికా ఉండదు, ఎర్రర్ మెసేజీ ఉండదు. బయట నలభై డిగ్రీలు దాటిన ఎండ కాబట్టి ఇంట్లో అందరి నోటా ఒకటే మాట: వేడెక్కి ఆగిపోయింది. వెంటనే థర్మల్ పేస్టు మారుస్తారు, ఇంకో రెండు ఫ్యాన్లు తగిలిస్తారు, క్యాబినెట్ పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాను ఎదురుగా పెడతారు. రెండు రోజులు పోయాక మళ్లీ అదే కథ. నన్నడిగితే, ఇలా ఉన్నపళంగా ఆరిపోయే కంప్యూటర్ విషయంలో మొదట అనుమానించాల్సింది వేడిని కాదు, కరెంటును. వేడికి ఆగే యంత్రం ఒక తీరుగా ఆగుతుంది, కరెంటు అందక ఆగే యంత్రం ఇంకో తీరుగా ఆగుతుంది. ఆ తేడా చూడకుండా డబ్బు ఖర్చుపెట్టడం వల్లే ఈ రిపేరు తెమలదు.

వేడి విషయంలో ఇప్పటి చిప్పులు తమను తాము బాగానే కాపాడుకుంటాయి. ఏఎమ్‌డీ రైజెన్ 7000 వరుస ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 95 డిగ్రీలు, ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి 100 డిగ్రీలు. ఆ హద్దు తగలగానే అవి ఆగిపోవు, వేగం తగ్గించుకుంటాయి. గ్రాఫిక్స్ కార్డు కూడా అంతే. అంటే వేడి ముందుగా కబురు పంపుతుంది: ఫ్యాన్లు హోరెత్తుతాయి, ఆట నత్తనడక నడుస్తుంది, బొమ్మ తడబడుతుంది. అప్పటికీ వేడి పెరుగుతూ పోతేనే చివరి రక్షణగా మదర్‌బోర్డు కరెంటు కట్ చేస్తుంది. అలా ఆగినప్పుడు మళ్లీ ఆన్ చేయగానే ప్రాసెసర్ వేడి హద్దు మీరిందని చాలా బోర్డులు మొదటి తెర మీదే చెబుతాయి. ఇక ఎండ సంగతి. డిసెంబరులో 25 డిగ్రీలున్న గది మేలో 38కి చేరిందనుకుందాం. తేడా 13. అదే ఆట, అదే ఫ్యాన్ వేగం అయితే చిప్పు వేడి కూడా సుమారు అంతే పెరుగుతుంది. చలికాలంలో 70 దగ్గర నడిచిన ప్రాసెసర్ ఎండాకాలంలో 83 దగ్గర నడుస్తుంది. హద్దుకు అది ఇంకా దూరంలోనే ఉంది.

వేడికి అస్సలు ఆగదా అంటే, ఆగుతుంది. కూలర్ స్క్రూ ఒకవైపు వదులైనా, నీటి కూలర్ పంపు ఆగిపోయినా, తోటల దారిలో లేచే ఎర్రమట్టి దుమ్ము కూలర్ రెక్కల మధ్య మెత్తలా పేరుకున్నా చిప్పు చూస్తుండగానే కాగిపోతుంది. అయితే దీన్ని ఊహించనక్కర్లేదు. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో లాంటి ఉచిత ప్రోగ్రాం ప్రతి రెండు సెకన్లకూ వేడిని ఫైల్లో రాస్తూ పోతుంది. కంప్యూటర్ ఆరిపోయాక ఆ ఫైలు తెరిచి చివరి వరుసలు చూడాలి. అక్కడ 98, 99, 100 అని ఉంటే ఇంట్లోవాళ్ల మాటే నిజం. 74 అని ఉంటే థర్మల్ పేస్టు మార్చడం వృథా. తోటలో కాయ రాలితే రైతు ముందు దాన్ని చేతిలోకి తీసుకుంటాడు. ముచ్చిక దగ్గర పచ్చిసొన కారుతోందా, ఈగ పొడిచిన మచ్చ ఉందా చూశాకే గాలి పనో పురుగు పనో తేలుస్తాడు. ఇక్కడ ఆ ముచ్చిక ఈ ఫైలే.

రెండో సాక్ష్యం విండోస్ దగ్గరే ఉంటుంది. ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే ‘కెర్నల్-పవర్ 41’ అనే ఎర్ర గుర్తు కనబడుతుంది. దాన్ని చూసి చాలామంది ‘పవర్’ అని ఉంది కదా, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) పోయింది అనేస్తారు. అదీ తొందరపాటే. పద్ధతి ప్రకారం షట్‌డౌన్ కాకుండా మళ్లీ మొదలయ్యాను అని మాత్రమే విండోస్ అక్కడ చెబుతోంది. అసలు కబురు ఆ వివరాల్లో ‘బగ్‌చెక్‌కోడ్’ ఎదురుగా ఉండే అంకె. అక్కడ సున్నా కాకుండా వేరే అంకె ఉంటే విండోస్ కుప్పకూలి నీలితెర వచ్చిందన్న మాట. అప్పుడు ర్యామ్, డ్రైవర్లు, ఓవర్‌క్లాక్ చూసుకోవాలి. సున్నా ఉంటే, విండోస్‌కు ఏమీ రాసుకునే వ్యవధి కూడా దొరకలేదు. కంప్యూటర్ బిగుసుకుపోయి మనమే బటన్ నొక్కిపట్టి ఆపినా సున్నాయే పడుతుంది కాబట్టి, ఎలా ఆగిందో కళ్లారా చూసినవాళ్ల మాట కూడా కావాలి.

వేడి లేదు, నీలితెర లేదు అని తేలితే ముఖ్యంగా మిగిలేవి రెండు: ఎస్‌ఎంపీఎస్, దాని వెనకున్న కరెంటు. ఎస్‌ఎంపీఎస్ మీద రాసిన వాట్లు చూసి ధీమాగా ఉండే రోజులు 2020లోనే పోయాయి. ఆ ఏడాది వచ్చిన ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3080 కార్డు వాడకం 320 వాట్లని లెక్క. కానీ రెప్పపాటు కన్నా ఎంతో చిన్న క్షణాల్లో అది అంతకు ఎంతో ఎక్కువ లాగేది. దాంతో పేరున్న మంచి ఎస్‌ఎంపీఎస్‌లు కూడా ప్రమాదమనుకుని తమంతట తామే ఆగిపోయాయి. చివరికి 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, పెద్ద ఎస్‌ఎంపీఎస్‌లు రాసిన సామర్థ్యానికి రెండింతల కరెంటును 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని రాసుకోవాల్సి వచ్చింది. ఇలా రక్షణ కోసం ఆగిన ఎస్‌ఎంపీఎస్‌కు ఒక గుర్తుంది: చాలావాటిలో ముందున్న పవర్ బటన్ ఎంత నొక్కినా కంప్యూటర్ లేవదు. వెనక స్విచ్ ఆపి, కాసేపాగి వేస్తేనే లేస్తుంది. అలా జరిగిందంటే గ్రాఫిక్స్ కార్డు వైర్లు చూడండి. రెండు ఎనిమిది పిన్నుల సాకెట్లకూ ఒకే వైరు చివరన జంటగా ఉన్న కనెక్టర్లు గుచ్చి ఉంటే, ఒక్కో సాకెట్‌కు విడి వైరు పెట్టడం పైసా ఖర్చులేని మొదటి పని. ఎస్‌ఎంపీఎస్ కొనేటప్పుడు కూడా, రాసిన వాట్లు ఎన్ని డిగ్రీల దగ్గర ఇస్తుందో చూడాలి. మంచివి 40, 50 డిగ్రీల దగ్గర పూర్తి వాట్లు ఇస్తామని రాస్తాయి. చవకవాటిలో కొన్నింటికి ఆ లెక్క 25 డిగ్రీల దగ్గరిది. మే నెల మధ్యాహ్నం నూజివీడు గదిలో, క్యాబినెట్ లోపల, 25 డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయి?

లెక్కలు తీసి చెప్పడం లేదు గానీ, గోడ వెనక కరెంటు సంగతిని అందరికన్నా తక్కువ పట్టించుకుంటారనిపిస్తుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు తిరుగుతుంది, అంటే ఒక్కో చుట్టుకు 20 మిల్లీసెకన్లు. కరెంటు తెగినా పూర్తి లోడుకు దగ్గర్లో ఎస్‌ఎంపీఎస్ నెట్టుకురావాల్సింది సుమారు 17 మిల్లీసెకన్లు. ఒక్క చుట్టు తప్పితే బల్బు ఒకసారి మిణుకుమంటుంది అంతే, కంప్యూటర్ మాత్రం ఆరిపోవచ్చు. ‘ఆట ఆడేటప్పుడే ఆగుతోంది, సినిమా చూస్తుంటే ఆగడం లేదు, కాబట్టి వేడే’ అనేవాళ్లకు జవాబు ఇక్కడే ఉంది. లోడు తక్కువగా ఉంటే ఎస్‌ఎంపీఎస్ కెపాసిటర్లలో నిలవున్న కరెంటు ఎక్కువసేపు ఆదుకుంటుంది. అదే కుదుపు సినిమా చూసేటప్పుడు తెలియకుండా దాటిపోతుంది, ఆటలో పట్టుబడుతుంది. యూపీఎస్ ఉంది కదా అంటారు. ఇళ్లల్లో మామూలుగా కనబడే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది 360 వాట్ల దాకానే. పై కార్డు, ప్రాసెసర్, మానిటర్ కలిపితే అది సులువుగా దాటిపోతుంది. ఓల్టేజీ పడిపోయి యూపీఎస్ బ్యాటరీ మీదకు మారిన క్షణంలో బరువు మోయలేక అదే ఆరిపోతుంది, నింద కంప్యూటర్ మీద పడుతుంది. దాని బ్యాటరీ లెడ్-యాసిడ్ రకం. 25 డిగ్రీల పైన సుమారు ప్రతి పది డిగ్రీలకూ దాని ఆయుష్షు సగమవుతుంది. ఈ ప్రాంతపు ఎండ కంప్యూటర్ గదిలో నిజంగా దెబ్బతీసేది దాన్నే.

‘మరి చలికాలంలో ఎందుకు ఆగలేదు?’ అన్నది గట్టి ప్రశ్నే. ఎండాకాలంలో పెరిగేది వేడి ఒక్కటే అయితే ఆ ప్రశ్నకు జవాబు ఉండేది కాదు. కానీ ఏసీలు, కూలర్లు, నీటి మోటార్లు అన్నీ కలిసి ఓల్టేజీని కిందకు లాగేదీ, కాయ రాల్చే గాలివానలు తీగల్ని ఊపేదీ ఆ నెలల్లోనే. వేడీ, కరెంటు కుదుపూ ఒకే కాలంలో వస్తాయి కాబట్టి కాలాన్ని బట్టి దోషిని పట్టలేం. ‘షాపులో రెండు గంటలు పెడితే చక్కగా నడిచింది’ అన్న మాటకూ అంత విలువ ఇవ్వలేం. షాపులో ప్లగ్గు వేరు, లైను వేరు, చాలాసార్లు ఆట కూడా ఆడించరు. ఆకుపచ్చ వైరూ నల్ల వైరూ కలిపి ఎస్‌ఎంపీఎస్ తిరుగుతోందని చూపించడం దాని ఫ్యాను తిరుగుతుందనడానికే సాక్ష్యం, బరువు మోస్తుందనడానికి కాదు.

అందుకే ఇంట్లోనే, ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. ముందు యూపీఎస్, జంక్షన్ బాక్సు తీసేసి నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టి అదే ఆట ఆడండి. ఆగకపోతే దోషి ఆ రెండింటిలోనే ఉన్నట్టు. ఆగితే ప్రాసెసర్‌కు మాత్రమే పని పెట్టే సినీబెంచ్ సీపీయూ పరీక్ష, కార్డుకు మాత్రమే పని పెట్టే ఫర్‌మార్క్ విడివిడిగా నడపండి. రెండూ విడిగా నిలిచి, కలిపి నడిపినప్పుడే ఆగితే అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదకు బలంగా వెళ్తుంది. అప్పుడు స్నేహితుడి దగ్గర మంచి ఎస్‌ఎంపీఎస్ ఒకపూట అడిగి తెచ్చి చూడటం, కొత్త కార్డు కొనడం కన్నా ఎంతో నయం. పాతదాన్ని విప్పి చూద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది. ఈ పనులు చేస్తున్నప్పుడు క్యాబినెట్ రేకు తాకితే చేతికి సన్నగా జిల్లుమంటే, ప్లగ్గుకు ఎర్తు అందడం లేదని అనుమానించాలి. ఎండకు నేల బీటలిచ్చే రోజుల్లో ఎర్త్ గుంట ఎండిపోవడం మామూలే. ఆ పని కంప్యూటర్ షాపుది కాదు, ఎలక్ట్రీషియన్‌ది, ఆట మళ్లీ మొదలుపెట్టే ముందే పిలిపించాలి.