ఏలూరు, భీమవరం, తాడేపల్లిగూడెం: ఏ ఊరి స్థాయి ఎంత?

పట్టణాలను వరుసలో పెట్టడానికి జనగణన శాఖ వాడే కొలబద్ద జనాభా. లక్ష, ఆ పైన జనం ఉంటే మొదటి తరగతి పట్టణం. 50 వేల నుంచి లక్ష లోపు రెండో తరగతి, 20 వేల నుంచి 50 వేల లోపు మూడో తరగతి. అలా దిగుతూ 5 వేల లోపు జనాభా ఉన్న ఆరో తరగతితో వరుస ముగుస్తుంది. 2011 లెక్కల్లో ఏలూరు జనాభా రెండు లక్షల పైచిలుకు, భీమవరం సుమారు 1.42 లక్షలు, తాడేపల్లిగూడెం సుమారు 1.04 లక్షలు. మూడూ మొదటి తరగతే. జంగారెడ్డిగూడెం 50 వేలకు కాస్త తగ్గింది. కామవరపుకోట మండల కేంద్రమే అయినా జనగణన లెక్కలో గ్రామం కాబట్టి ఈ పట్టికకు బయటే ఉంటుంది. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడడంతో ఇప్పటికీ ఈ పాత అంకెలే దిక్కు.

ఊళ్లో ఎంతమంది కాపురం ఉంటున్నారో ఈ పట్టిక చెబుతుంది. పొద్దున్నే బస్సెక్కి ఆ ఊరికి పని మీద వచ్చి, సాయంత్రానికి ఇల్లు చేరే వాళ్లెందరో చెప్పదు. ఊరి అసలు బలం తెలిసేది ఆ రెండో లెక్కలోనే.

కామవరపుకోట మండలంలోని ఒక రైతు ఏడాదిలో ఏ పనికి ఎక్కడికి వెళ్తాడో చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. యూరియా బస్తా, బ్యాంకు పని, తహసీల్దారు కార్యాలయంలో కాగితం లాంటివి మండల కేంద్రంలోనే తెమిలిపోతాయి. వర్జీనియా పొగాకు వేసిన రైతు బేళ్లు అమ్ముకోవాలంటే పొగాకు బోర్డు వేలం కేంద్రానికి, అంటే జంగారెడ్డిగూడెం లాంటి ఊరికి తీసుకెళ్లాలి. కలెక్టరును కలవాలన్నా, జిల్లా ఆసుపత్రిలో చూపించుకోవాలన్నా ఏలూరు. గుండెకో మెదడుకో పెద్ద ఆపరేషన్ అవసరమైతే ఎక్కువమంది విజయవాడ దారి పడతారు. యూరియా పని ఏటా నాలుగైదు సార్లు పడుతుంది. ఆపరేషన్ అవసరం కొందరికి జీవితంలో ఒక్కసారి కూడా రాదు. తరచుగా పడే పనికి దగ్గర్లో చిన్న ఊరు చాలు. అరుదుగా పడే పనికి పెద్ద ఊరు కావాలి, దానికోసం దూరమైనా వెళ్తారు.

జర్మన్ భూగోళ శాస్త్రవేత్త వాల్టర్ క్రిస్టాలర్ 1933లో దక్షిణ జర్మనీ ఊళ్లను పరిశీలించి ఈ విషయాన్నే సిద్ధాంతంగా రాశాడు. తన చుట్టుపక్కల ప్రాంతానికి సరుకులు, సేవలు అందించే ఊరిని కేంద్ర స్థానం అన్నాడు. అక్కడ దొరికే సేవ ఎంత అరుదైనదైతే ఆ ఊరి అంతస్తు అంత పైది. చుట్టూ ఉన్న ప్రాంతానికి ఎంత సేవ చేస్తోందన్నదే ఆయన లెక్కలో ఊరి ప్రాముఖ్యం.

జనాభాకూ ప్రాముఖ్యానికీ మధ్య ఉన్న ఈ తేడా అమెరికాలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2020 లెక్కల్లో ఫ్లోరిడా రాష్ట్రంలో అత్యధిక జనాభా ఉన్న నగరం జాక్సన్‌విల్, దాదాపు 9.5 లక్షలు. మయామి జనాభా 4.42 లక్షలే. అలాగని మయామిని చిన్న ఊరనే వాళ్లుండరు. 1968లో చుట్టూ ఉన్న డువాల్ కౌంటీతో కలిసిపోవడంతో జాక్సన్‌విల్ హద్దులు విశాలమయ్యాయి. మయామి హద్దులు ఇరుగ్గానే ఉండిపోయాయి గానీ, దాన్ని ఆనుకుని పెరిగిన ఊళ్లన్నీ కలిపితే 60 లక్షలు దాటుతుంది. అరిజోనాలోని మేసా నగరం 5 లక్షలతో మయామిని మించినా, ఫీనిక్స్ నీడలో శివారుగానే బతుకుతోంది. సాల్ట్ లేక్ సిటీ జనాభా రెండు లక్షలు, ఇంచుమించు మన ఏలూరంత. అయినా అది యూటా రాష్ట్ర రాజధాని, పెద్ద విమానాశ్రయం ఉన్న ఊరు, చుట్టుపక్కల వందల మైళ్ల మేర ప్రజలకు అదే పెద్దదిక్కు.

జంగారెడ్డిగూడెం ఎదుగుదల కూడా ఇలా చుట్టూ ఉన్న ప్రాంతాన్ని నమ్ముకున్నదే. రైలు స్టేషను లేదు, జనాభాను బట్టి మూడో తరగతి. అటు బుట్టాయగూడెం, పోలవరం ఏజెన్సీ గూడేలకూ, ఇటు ఆయిల్‌పామ్, పొగాకు, మొక్కజొన్న పండే మెట్టకూ దగ్గర్లో ఉన్న పెద్ద బజారు అదే. ఆ దరిదాపుల్లో దానికి సాటి వచ్చే ఊరు లేదు కాబట్టి దాని పట్టు దూరం దాకా సాగుతుంది. డెల్టాలో పరిస్థితి వేరు. తణుకు, పాలకొల్లు, నరసాపురం, భీమవరం ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉంటాయి. జనాభా ఎంత ఉన్నా ఏ ఒక్క ఊరూ పొరుగు ఊరిని దాటి ఎక్కువ దూరం తన పట్టు చూపలేదు.

ఆ చిక్కును తాడేపల్లిగూడెం ఒకే ఒక్క సరుకుతో దాటింది. ఇక్కడి టోకు మార్కెట్‌కు కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి లారీల కొద్దీ ఉల్లిపాయలు వస్తాయి. బస్తాలు విప్పి కుప్పలు పోసి, పాయ సైజును బట్టి, ఆరిన తీరును బట్టి వేరు చేసి, మళ్లీ బస్తాలకెత్తుతారు. అవి గోదావరి జిల్లాలకే కాక ఉత్తరాంధ్రకూ ఒడిశాకూ పోతాయి. చుట్టుపక్కల ఉల్లి సాగు అంతంతమాత్రమే. రైలు మార్గం, జాతీయ రహదారి, పాతుకుపోయిన వ్యాపారుల పరపతి కలిసి ఈ ఊరిని ఉల్లి ధర తేలే చోటుగా నిలబెట్టాయి. వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం, 2015లో మొదలైన నిట్ దాని పరిధిని ఇంకా పెంచాయి. పొరుగు జిల్లాల్లో పేరు వినని వాళ్లు సైతం ఇప్పుడు పిల్లల చదువు కోసం ఆ ఊరి పేరు పలుకుతున్నారు.

భీమవరం బలమంతా చేపలు, రొయ్యల చెరువుల చుట్టూ అల్లుకుంది. మేత, పిల్ల, మందులు, ఐసు, అప్పు అన్నీ ఒకే చోట దొరుకుతాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో అది పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రమైంది. 1925 నుంచి అప్పటిదాకా ఆ హోదా ఏలూరుది. కొత్త ఏలూరు జిల్లాకు కేంద్రంగా మిగిలిన ఏలూరుకు ఆ రోజు డెల్టా దూరమైంది, బదులుగా కృష్ణా జిల్లా నుంచి నూజివీడు, కైకలూరు ప్రాంతాలు వచ్చి చేరాయి. కైకలూరు వాళ్లు అంతకుముందు కలెక్టరు ఆఫీసు పనికి మచిలీపట్నం వెళ్లేవారు. ఇప్పుడు కొల్లేరు మీదుగా ఏలూరు చేరుతున్నారు. దూరం తగ్గింది గానీ వానాకాలంలో సరస్సు నిండినప్పుడు దారిలోని చినఎడ్లగాడి దగ్గర నీళ్లు రోడ్డెక్కుతాయి. అలాంటి రోజుల్లో రాకపోకలు ఆగి, జిల్లా కేంద్రం పటంలో కనిపించినంత దగ్గరగా ఉండదు. ఊరి పట్టును కొలిచేటప్పుడు రోడ్డు పరిస్థితిని కూడా లెక్కలోకి తీసుకోవాల్సింది ఇందుకే.

ఏలూరుకు ఉన్న అసలు పోటీ విజయవాడ. రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 60 కిలోమీటర్లు. అమెరికా ఆచార్యుడు విలియం రైలీ 1931లో వర్తకానికి ఒక సూత్రం చెప్పాడు. జనాభా పెరిగే కొద్దీ ఊరి ఆకర్షణ పెరుగుతుంది, దూరం వర్గాన్ని బట్టి తగ్గుతుంది. విజయవాడ జనాభా 10 లక్షల పైన, ఏలూరుది 2 లక్షల పైన. లెక్క వేస్తే రెండింటి ఆకర్షణ సమానమయ్యే చోటు ఏలూరుకు 19 కిలోమీటర్ల దూరంలో, ఇంచుమించు హనుమాన్ జంక్షన్ దగ్గర పడుతుంది. నూజివీడు రోడ్డు, గుడివాడ రోడ్డు చీలేది సరిగ్గా అక్కడే. కాగితం మీద గీసిన హద్దు బస్సులు మారే కూడలి దగ్గరే పడడం ఆ సూత్రం మీద నమ్మకం పెంచుతుంది. నూజివీడు ప్రాంతం పాలనాపరంగా ఏలూరుకు వచ్చినా, బజారుకు విజయవాడ వైపే మొగ్గడంలోని కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది.

అయితే ఏలూరు నిస్సహాయంగా లేదు. 1850లలో ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు కట్టాక గోదావరి నుంచి, కృష్ణ నుంచి తవ్విన కాలువలు వచ్చి కలిసింది ఈ ఊళ్లోనే. పడవల రోజుల్లో ఆ కలయికే దాని వర్తకానికి పునాది. 1866లోనే పురపాలక సంఘం, 2005లో నగరపాలక సంస్థ అయింది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల తెరుచుకుంది. ఆ కళాశాల ఆసుపత్రిలో పెద్ద వైద్యం పూర్తిగా అందుబాటులోకి వస్తే కామవరపుకోట, చింతలపూడి మెట్ట నుంచి విజయవాడకు పోయే రోగుల్లో చాలామంది ఏలూరులోనే ఆగుతారు. ఈ ప్రాంతపు పేదలకు నిజంగా కావాల్సిన మార్పు అదే.

ఊళ్ల వరుస శతాబ్దాల మీద ఎంతగా తారుమారవుతుందో ఏలూరు పక్కనున్న పెదవేగి చూపిస్తుంది. శాలంకాయనులకు, ఆ తర్వాత తూర్పు చాళుక్యులకు రాజధాని అయిన వేంగి ఇదే. తెలుగు నేలలో పెద్ద భాగాన్ని ఆ నగరం పేరుతోనే వేంగి నాడు అన్నారు. రాజధాని రాజమహేంద్రవరానికి తరలిపోయాక అది క్రమంగా పల్లెగా మిగిలింది. ఇప్పుడు మండల కేంద్రం. అయితే అక్కడే జాతీయ స్థాయి ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది. ఆ పంట మెళకువలు తెలుసుకోవడానికి ఇతర రాష్ట్రాల రైతులు, అధికారులు ఆ పల్లెకు వస్తున్నారు.