చదరంగపు గడులలోని మహాసంఖ్య



చదరంగపు పటమున మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు రెట్టించుచు 64 గడులును నింపినచో మొత్తమెన్ని గింజలగును? పదునొకండవ శతాబ్దివాడని ప్రసిద్ధికెక్కిన పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితమును తెనిగించి, ఈ ఫలమును పద్యమున బంధించెను. చంద్రుడనిన ఒకటి, వేదములనిన నాలుగు, గగనమనిన సున్న. అంకెలను ఒకట్ల స్థానమునుండి ఎడమకు పేర్చుకొనవలెను. వచ్చు సంఖ్య ఇది: 1,84,46,74,40,73,70,95,51,615. ఇరువది స్థానములు!

బాల్యమున నేనీ సంఖ్యను పలకపై వ్రాసి చూపగా, గురువుగారు పద్యమును తలపక, అంకెలను మాత్రము కూడి, "తప్పు వ్రాసితివి" అనిరి. ఆఱు వ్రాయవలసిన యొకచోట ఐదు వ్రాసితిని. వారి కెట్లు తెలిసెను?

మొదటి రెండు గడుల గింజలు 3, తరువాతి రెంటివి 12, ఆపై రెంటివి 48. ప్రతి జతయు మూడింటి గుణిజమే. కావున మొత్తమును అంతియే. అంకెల కూడిక 87 కావలెను. నాకు 86 వచ్చెను. 86 మూడింట పోదు.

పటమునే చూడుడు. మొదటి వరుస ఎనిమిది గడుల మొత్తము 255. అనగా 3, 5, 17 ల లబ్ధము. రెండవ వరుస దీనికి 256 రెట్లు. కావున రెండు వరుసలు కలిసి 255 నకు 257 రెట్లు. నాలుగు వరుసలు దానికి 65537 రెట్లు. ఎనిమిది వరుసలు దానికి 4294967297 రెట్లు. ప్రక్కప్రక్కనున్న రెండు వేర్వేఱు అంకెలు తారుమారైనచో మూడింటి పరీక్షకు చిక్కదు. 17 తో భాగించినచో తప్పక చిక్కును.

3, 5, 17, 257, 65537 అను నివి అభాజ్యములు; ఒకటియు తానును దక్క వేఱొకటి వీనిని నిశ్శేషముగ భాగింపదు. ఆ చివరి 4294967297 కూడ అట్టిదే యని ఫ్రాన్సు దేశపు మహాగణకుడు ఫెర్మా 1640 ప్రాంతమున నమ్మెను. 1732 లో ఆయిలరు పరీక్షించి, అది 641 ని 6700417 చే గుణింపగా వచ్చినదని చూపెను. మీరును కాగితముపై గుణించి చూడవచ్చును.

మా రేగొండలో నొక వృద్ధుడు తన అప్పుపత్రమును చదివి చెప్పుమని నా కడకు వచ్చెను. కూడిక తప్పు. వ్రాసినవాడు చదువరి గదా యని ఆయన రెండేండ్లు చెల్లించెను. పత్రమున నున్నవి నాలుగే అంకెలు.

ఫెర్మా మాటనే పరీక్షించిరి. మన పద్యమును పరీక్షకు నిలిచినందుననే నిజము. ఎంతవారు వ్రాసిన లెక్కయైనను, వ్రేలిముద్ర వేయుటకు ముందు ఒక్కమారు కూడి చూడుడు. సెలవు.