ఓడరేవుకు వీధిగుమ్మం

జెబెల్ అలీ రేవు 1979లో ప్రారంభమైనది. నేడు అక్కడ కంటెయినరును ఎత్తేది క్రేనే అయినా, అది ఎక్కడికి చేరాలో చెప్పేది కంప్యూటరు. ఆ కంప్యూటరు మూగబోతే ఏమగునో, ఈ రేవును నిర్వహించే డీపీ వరల్డ్ సంస్థ 2023 నవంబరులో ఆస్ట్రేలియాలో చవిచూసింది. చొరబాటును పసిగట్టి సంస్థవారు ఇంటర్నెట్ సంబంధాన్ని తామే తెంచివేయగా, సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్, ఫ్రీమాంటిల్ రేవులలో సుమారు 30,000 కంటెయినర్లు నిలిచిపోయాయి.

అది దొడ్డిదారిన జరిగిన చొరబాటు. కృత్రిమ మేధను చేతబట్టిన దొంగ వీధిగుమ్మం నుండే రాగలడు. బిల్లు సొమ్మును కొత్త ఖాతాకు పంపమనే దొంగ ఉత్తరాన్ని ఒకప్పుడు ఫ్రీ జోన్ గుమాస్తా దాని తప్పుల తడక ఇంగ్లీషును చూచియే పట్టుకొనగలిగేవాడు. ఆ ఆనవాలు ఇప్పుడు చెరిగిపోయింది. యంత్రం అరబ్బీ అయినా, తెలుగైనా చక్కగా వ్రాస్తుంది. యజమాని కంఠాన్నీ అనుకరిస్తుంది. హాంకాంగ్‌లో అరూప్ సంస్థ ఉద్యోగి ఒకరు 2024లో వీడియో సమావేశంలోని కృత్రిమ ముఖాలను పై అధికారులని నమ్మి దాదాపు 2.5 కోట్ల డాలర్లు పంపివేశారు.

కాపలావారికీ అదే యంత్రం తోడు. వేలాది లాగిన్లలో అసహజమైనదానిని అది క్షణంలో ఎత్తిచూపుతుంది. అయితే అర్ధరాత్రి పనిచేసే నిజాయితీపరుడూ దాని కంటికి దొంగగా తోచవచ్చు. తీగ తెంచాలా, వద్దా అన్న నిర్ణయం రాత్రి షిఫ్టులోని మనిషి మీదనే పడుతుంది. గుమాస్తాకు మిగిలినది పాత ఉపాయమే. ఫోను పెట్టివేసి, తనకు ముందే తెలిసిన నంబరుకు తానే తిరిగి చేయడం.