మీటర్ సున్నా చూపితే నమ్మొచ్చా?

మల్టీమీటర్‌లో సున్నా కనిపించగానే "కరెంటు లేదు, ముట్టుకోవచ్చు" అనుకుంటాం. కానీ వైర్లో కరెంటు లేకపోయినా సున్నానే, మీటర్ లీడు లోపల తెగిపోయినా సున్నానే. ఆ తేడా మీటర్‌కి తెలియదు. ఇంటికి వచ్చేది 230 వోల్టులు. అందుకే ఫిజిక్స్ ల్యాబ్ వాళ్లకే కాదు, ఇంట్లో మిక్సీ వైరు విప్పి చూసే అలవాటున్న ప్రతి ఒక్కరికీ లీడ్ల సంగతి తెలిసి ఉండాలి.

ఎక్కడ తెగుతుంది?

లీడులో పైన ప్లాస్టిక్ తొడుగు, లోపల వెంట్రుకల్లాంటి రాగి పోగులు. ఒక కొనకి మీటర్లో గుచ్చే ప్లగ్గు, రెండో కొనకి మనం పట్టుకునే ప్రోబు. మధ్యలో తెగడం తక్కువ. గట్టి ప్లాస్టిక్ ఆగి మెత్తటి వైరు మొదలయ్యే చోట వంగీ వంగీ ఒక్కొక్క పోగే తెగుతుంది. మీటర్ చుట్టూ బిగించి చుట్టేస్తే ఇంకా తొందరగా తెగుతుంది. పై తొడుగు మాత్రం బాగానే ఉంటుంది కాబట్టి కంటికి కనిపించదు.

ఎలా పట్టుకోవాలి?

మీటర్‌ని 200 ఓమ్‌ల రేంజిలో పెట్టి రెండు ప్రోబుల మొనలూ గట్టిగా ఆనించండి. మంచి లీడ్లయితే సుమారు 0.1 నుంచి 0.5 దాకా చూపిస్తుంది. తెగి ఉంటే ఎడమ పక్కన ఒంటరి '1' గానీ, 'ఓఎల్' అని గానీ వస్తుంది. మీరు అలాగే ఆనించి పట్టుకుని, ప్లగ్గుల దగ్గరా ప్రోబుల దగ్గరా వైరుని అటూ ఇటూ వంచమని పక్కనున్న స్నేహితురాలికి చెప్పండి. అంకె ఎక్కడ ఎగిరెగిరి పడితే జబ్బు అక్కడే.

రెండిట్లో ఏది చెడిందో తెలియాలంటే, నల్లదాన్ని 'కామ్' రంధ్రంలోనే ఉంచి, దాని మొనను ఎర్ర లీడు పెట్టే రంధ్రం లోపలి లోహానికి తాకించండి. సున్నాకి దగ్గరగా వస్తే నల్లది మంచిదే. ఎర్రదాన్నీ 'కామ్'లో పెట్టి అలాగే చూడండి.

బాగుచేయడం

తెగిన చోటు దాటి రెండు సెంటీమీటర్లు కోసేయండి. లోపలి పోగులు తళతళలాడాలి. నల్లబడిన రాగికి టంకం అంటదు, ఇంకొంచెం కోయాల్సిందే. టంకం మన కంసాలుల మాటే. నగ అతికేటప్పుడు వాళ్లు వెలిగారం వాడేదీ, మనం ఫ్లక్స్ పేస్టు రాసేదీ ఒకే పనికి: లోహం మీది మకిలి పోవడానికి.

కొత్త 4 మిల్లీమీటర్ల బనానా ప్లగ్గు చెన్నైలో అయితే రిచ్చీ స్ట్రీట్‌లో దొరుకుతుంది. ముందుగా హీట్ ష్రింక్ గొట్టాన్ని వైరుకి తొడిగి ఉంచండి. అతికాక గుర్తొస్తే అది ఎక్కదు. టంకం పోగుల్లోకి పాకాలి. బొట్టులా పైన కూర్చుంటే పట్టనట్టే. చల్లారేదాకా కదపొద్దు. తర్వాత గొట్టాన్ని అతుకు మీదికి జరిపి వేడి తగిలిస్తే బిగుసుకుంటుంది.

ఎంతవరకు వాడొచ్చు?

అసలు సంగతి ఇదే. మంచి లీడు మీద 'క్యాట్ 3, 600 వోల్టులు' లాంటి గుర్తు ఉంటుంది. మనం కోసి అతికాక ఆ హామీ పోయినట్టే. పైగా మామూలు బనానా ప్లగ్గులో లోహం బయటికే ఉంటుంది. మీటర్‌లోంచి జారితే చేతికి తగులుతుంది. అందుకని బాగుచేసిన లీడు బ్యాటరీలకీ, ల్యాబ్‌లోని బ్యాటరీ ఎలిమినేటర్‌కీ మాత్రమే. కలిసిపోకుండా దాని మీద నెయిల్ పాలిష్‌తో ఒక చుక్క పెట్టండి. 230 వోల్టులకి కొత్త లీడ్లే కొనాలి. తొడుగు పగిలినదానికి టేపు చుట్టి గోడ ప్లగ్గులో పెట్టడం ప్రాణంతో ఆట.

ప్రోబు విరిగినా వైరు బాగుంటే పారేయకండి. రెండు కొనలకీ క్రోకడైల్ క్లిప్పులు బిగిస్తే ఓమ్ నియమం ప్రయోగానికి చక్కటి కనెక్షన్ వైరు అవుతుంది. మీటర్ పక్క ప్లగ్గు ఉంచి, ప్రోబు చోట ఒక్క క్లిప్పు పెడితే చేత్తో పట్టుకోకుండానే బ్యాటరీ కొలవొచ్చు.

ఇంటి కరెంటు చూసేటప్పుడు, తెలిసినవాళ్లు పక్కనుండగా, మూడుసార్లు కొలవాలి. ముందు కరెంటు ఉందని తెలిసిన ప్లగ్గులో, తర్వాత పని చేయాల్సిన చోట, మళ్లీ మొదటి ప్లగ్గులో. మూడోసారి కూడా 230కి దగ్గరగా చూపిస్తేనే మధ్యలో వచ్చిన సున్నాని నమ్మండి.