కణితి చుట్టూ గట్టు

క్యాన్సర్ అనగానే మనం అడిగేవి రెండే: కణితి ఎంతుంది? ఎన్ని ఉన్నాయి? పెద్దపేగు నుంచి లివర్‌కి పాకిన క్యాన్సర్ గురించి చదువుతుంటే నాకు మూడో ప్రశ్న దొరికింది. కణితికీ, దాని పక్కనున్న మంచి లివర్‌కీ మధ్య సరిహద్దులో ఏం జరుగుతోంది?

అసలు లివరే ఎందుకంటే, పేగుల్లోని రక్తం పోర్టల్ సిర గుండా నేరుగా అక్కడికే వెళ్తుంది. పేగులోని కణితి నుంచి ఊడిన కణాలకి దారిలో తగిలే మొదటి పెద్ద జంక్షన్ అది.

అక్కడ దిగిన క్యాన్సర్ ముఖ్యంగా రెండు రకాలుగా పెరుగుతుంది. ఒకటి డెస్మోప్లాస్టిక్. కణితి చుట్టూ కొల్లాజెన్ పీచుతో ఒక గట్టు కడుతుంది. చేనుకి చేనుకి మధ్య గట్టులాగే, క్యాన్సర్ కణాలు ఇటువైపు లివర్ కణాల్ని తాకవు. ఆ గట్టు దగ్గర రోగనిరోధక కణాలు కూడా గుంపులుగా కనిపిస్తుంటాయి. రెండోది రీప్లేస్‌మెంట్. ఇందులో గట్టూ లేదు, గోడా లేదు. క్యాన్సర్ కణం పక్కనున్న లివర్ కణాన్ని లేపేసి, ఆ సీట్లో తను కూర్చుంటుంది. వరసలు అలాగే ఉంటాయి, కూర్చున్నవాళ్లే మారిపోతారు. నాకైతే ఇదే ఎక్కువ భయం వేసింది.

ఆపరేషన్‌లో తీసిన కణితుల్ని పరిశీలిస్తే, సరిహద్దు పొడవునా గట్టు ఉన్న పేషెంట్లు సగటున ఎక్కువకాలం బతికారు. కొంచెం మేర గట్టు లేకపోయినా ఆ లాభం తగ్గిపోతోంది. దీన్ని మైక్రోస్కోప్ కింద ఎలా లెక్కకట్టాలో 2017లో అంతర్జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి, 2022లో వాటిని సవరించారు.

తేడా రక్తం దగ్గర కూడా ఉంది. గట్టు ఉన్న కణితి కొత్త రక్తనాళాలు మొలిపించుకుంటుంది. రీప్లేస్‌మెంట్ కణితికి ఆ శ్రమ లేదు, లివర్‌లో ఉన్న నాళాలనే వాడేసుకుంటుంది. బెవాసిజుమాబ్ లాంటి మందులు కొత్త నాళాల్ని మొలవనివ్వకుండా ఆపుతాయి. మొలిపించుకునే అవసరమే లేనిదాన్ని అవేం ఆపుతాయి? ఈ రెండో రకం కణితులు ఆ మందుకి సరిగ్గా లొంగవని 2016లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధన చూపించింది.

అలాగని పీచు అంటే ఎప్పుడూ మంచిదని కాదు. అదే పీచు లివరంతా పరుచుకుంటే సిరోసిస్ అంటాం. ఇంకో చిక్కు, మన మెషీన్ లెర్నింగ్ క్లాసులో రోజూ వినేదే: కోరిలేషన్ వేరు, కారణం వేరు. గట్టే క్యాన్సర్‌ని ఆపుతోందా, లేక నెమ్మదిగా పెరిగే కణితి చుట్టూనే గట్టు కట్టడానికి టైమ్ దొరుకుతోందా? ఇది ఇంకా పూర్తిగా తేలలేదు.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఏంటంటే, ఏ రకమో ఖాయంగా తెలిసేది కణితిని కోసి బయటికి తీశాకే. సూదితో తీసిన చిన్న ముక్కలో సరిహద్దంతా రాదు కదా. కానీ డాక్టర్‌కి ఆ సంగతి కావాల్సింది ఆపరేషన్‌కి ముందు, ఏ మందు ఇవ్వాలో ఆలోచించేటప్పుడు. అందుకే సీటీ, ఎంఆర్ఐ బొమ్మల్లోంచే ముందుగా పసిగట్టే మోడల్స్ మీద ఇప్పుడు పని జరుగుతోంది. అక్కడ మనలాంటి కోడింగ్ వాళ్లకీ చోటుంది.