వర్షంలో సైడ్ మిర్రర్ మసకబారితే.. హీటర్ ఎంతవరకు ఉపయోగపడుతుంది?

సూరత్: గుజరాత్‌లోని సూరత్ నగరంలో వస్త్ర వ్యాపారానికి కేంద్రం రింగ్ రోడ్. రోడ్డు పక్కన బహుళ అంతస్తుల టెక్స్‌టైల్ మార్కెట్లు, వాటి ముందు చీరల మూటలు, డ్రెస్ మెటీరియల్ పార్సిళ్లు ఎక్కించే టెంపోలు, ఆటోలు, పైన ఫ్లైఓవర్‌తో ఈ మార్గం ఎప్పుడూ రద్దీగా ఉంటుంది. మరమగ్గాల పని కోసం దశాబ్దాల క్రితం తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లి లింబాయత్, ఉధనా తదితర ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది బాగా పరిచయమైన దారి. సూరత్‌లో ఏడాదిలో కురిసే వర్షంలో అత్యధిక భాగం జూన్-సెప్టెంబరు నెలల మధ్యే పడుతుంది. ఆ నాలుగు నెలలూ ఇక్కడ కారు నడిపేవారిని ఇబ్బంది పెట్టే సమస్యల్లో సైడ్ మిర్రర్లు మసకబారడం ఒకటి. దీనికి పరిష్కారంగా కొన్ని కార్లలో అద్దాన్ని వేడిచేసే హీటర్ ఉంటుంది. అయితే అది ఏ పని చేయగలదో, ఏది చేయలేదో తెలియకపోతే బటన్ నొక్కి నిశ్చింతగా ఉండటం ప్రమాదకరమే.

ఎడమ అద్దమే కీలకం

భారత్‌లో డ్రైవర్ కుడివైపు కూర్చుంటారు. అందువల్ల కారుకు ఎడమ పక్కన ఏముందో నేరుగా చూడటం కష్టం. ద్విచక్ర వాహనాలు తరచూ కారుకు, ఫుట్‌పాత్‌కు మధ్య ఉన్న సందులోంచి ముందుకు వస్తుంటాయి. వెనుక బట్టల మూట కట్టుకుని, వానకు తల వంచుకుని వచ్చే ద్విచక్ర వాహనదారుడు డ్రైవర్‌కు కనిపించేది ఎడమ అద్దంలోనే. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారే. మసకబారిన అద్దాన్ని చిన్న అసౌకర్యంగా తీసిపారేయకూడదనడానికి ఈ ఒక్క అంకె చాలు.

హీటర్ ఎలా పనిచేస్తుంది?

సైడ్ మిర్రర్ గాజు వెనుక పలుచని విద్యుత్ తాపక పొర అతికించి ఉంటుంది. బటన్ నొక్కగానే అందులో విద్యుత్ ప్రవహించి గాజు నెమ్మదిగా వేడెక్కుతుంది. చాలా కార్లలో దీనికి ప్రత్యేక బటన్ ఉండదు. వెనుక అద్దం డీఫాగర్ బటన్‌తోనే ఇదీ పనిచేస్తుంది. దీర్ఘచతురస్రంలో పైకి లేచే మూడు వంకర బాణాలు దాని గుర్తు. కొన్ని మోడళ్లలో మిర్రర్లను సర్దే నాబ్ వద్దే ఈ గుర్తు కనిపిస్తుంది. సాధారణంగా ఇంజిన్ నడుస్తున్నప్పుడే హీటర్ పనిచేస్తుంది, కొన్ని నిమిషాల తర్వాత దానంతట అదే ఆగిపోతుంది. ఆగిపోయిన సంగతి గమనించకుండా అది ఇంకా పనిచేస్తోందని భావించడం చాలామంది చేసే పొరపాటు.

మంచుకు త్వరగా, వానకు నిదానంగా

ఈ సౌకర్యం ప్రధానంగా చలి దేశాలకు ఉద్దేశించినది. అక్కడ అద్దంపై పేరుకున్న మంచును తొలగించడమే దీని ముఖ్యమైన పని. సున్నా డిగ్రీల వద్ద ఉన్న ఒక గ్రాము మంచు కరగడానికి సుమారు 334 జౌళ్ల వేడి సరిపోతుంది. కరిగిన మంచు అద్దం మీద నుంచి జారిపోతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే మాత్రం దాదాపు 2,400 జౌళ్లు, అంటే ఏడు రెట్లు వేడి అవసరం. హీటర్ సామర్థ్యం 15 వాట్లని, ఆ వేడి మొత్తం నీటికే అందుతుందని అనుకుంటే గ్రాము మంచు 20 సెకన్లకు కాస్త పైగా సమయంలో కరుగుతుంది. గ్రాము నీరు ఆవిరి కావడానికి రెండున్నర నిమిషాలకు పైగా పడుతుంది. కారు కదులుతున్నప్పుడు గాలి కూడా కొంత వేడిని తీసుకుపోతుంది కాబట్టి వాస్తవంలో ఇంకా ఆలస్యమవుతుంది.

ఈ లెక్కను బట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. అద్దంపై పట్టిన పలుచని ఆవిరి పొరను, సన్నని తుంపరను హీటర్ కొద్ది నిమిషాల్లో పోగొట్టగలదు. జోరు వానలో మాత్రం ఆవిరయ్యే నీటి కంటే కొత్తగా వచ్చి పడే నీరే ఎక్కువ. లారీల చక్రాలు చిమ్మిన బురద నీటి విషయంలోనూ హీటర్ వల్ల ప్రయోజనం లేదు. నీరు ఆరిపోయి మట్టి మరక అద్దంపైనే మిగిలిపోతుంది.

మసక ఎక్కడ ఉందో ముందు చూడాలి

డ్రైవర్ సైడ్ మిర్రర్‌ను తలుపు అద్దం గుండా చూస్తారు. అంటే చూపునకు అడ్డుపడగల తలాలు మూడు ఉన్నాయి. అవి సైడ్ మిర్రర్, తలుపు అద్దం బయటి వైపు, తలుపు అద్దం లోపలి వైపు. హీటర్ ప్రభావం మొదటి దానిపైనే ఉంటుంది.

గాలి ఒక స్థాయికి మించి చల్లబడితే అందులోని తేమ నీటి బిందువులుగా మారుతుంది. ఆ ఉష్ణోగ్రతనే డ్యూ పాయింట్ అంటారు. బయట 28 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్నప్పుడు డ్యూ పాయింట్ సుమారు 25 డిగ్రీలు. ఏసీ చల్లదనానికి తలుపు అద్దం అంతకంటే చల్లబడితే దాని బయటి వైపు తేమ పడుతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న సూరత్‌లోనే కాక విశాఖపట్నం, కాకినాడ వంటి కోస్తా నగరాల్లోనూ వానాకాలంలో ఇది తరచూ కనిపించేదే. అప్పుడు మిర్రర్ హీటర్ ఎంతసేపు పనిచేసినా ఫలితం ఉండదు. ఏసీ చల్లదనాన్ని తగ్గించి, డ్యాష్‌బోర్డు చివరల్లోని ఏసీ రంధ్రాలను తలుపు అద్దాల మీదికి కాకుండా మరోవైపు తిప్పాలి. తలుపు అద్దాన్ని ఒకసారి కిందికి దించి పైకెత్తితే పైనున్న తేమ చాలావరకు తుడిచిపెట్టుకుపోతుంది.

లోపలి వైపు మసకబారితే దీనికి పూర్తిగా భిన్నంగా చేయాలి. తడిసిన బట్టలు, ప్రయాణికుల శ్వాస వల్ల కారులో తేమ పెరుగుతుంది. అప్పుడు ఏసీని ఆన్ చేసి, బయటి గాలి లోపలికి వచ్చేలా మార్చి, అవే రంధ్రాలను తలుపు అద్దాల వైపు తిప్పాలి. మసక లోపల ఉందో బయట ఉందో తెలుసుకోవడం సులభం. కారు ఆగి ఉన్నప్పుడు అద్దాన్ని లోపలి నుంచి వేలితో తాకితే గీత పడుతుందో లేదో చూస్తే చాలు.

ఎప్పుడు ఆన్ చేయాలి?

బయలుదేరడానికి కొన్ని నిమిషాల ముందే హీటర్‌ను ఆన్ చేయడం మంచిది. మార్కెట్ పార్కింగ్ నుంచి రద్దీ రోడ్డుపైకి వచ్చాక ఆన్ చేస్తే అత్యవసరమైన తొలి నిమిషాల్లో అద్దం మసకగానే ఉంటుంది. వాన తగ్గి తుంపర మొదలైనప్పుడు మరోసారి ఆన్ చేస్తే మిగిలిన తడి త్వరగా ఆరుతుంది. శీతాకాలంలో లంబసింగి, అరకు వంటి మన్యం ప్రాంతాల్లో తెల్లవారుజామున పొగమంచులో ప్రయాణించేవారికి ఇది మరింత ఉపయోగకరం.

హీటర్ లేకపోతే

భారత్‌లో తిరిగే చాలా కార్లలో ఈ సౌకర్యం లేదు. అలాంటివారు నిరాశ పడనవసరం లేదు. అద్దంపై నూనె జిడ్డు, పొగ మసి ఉంటే నీటి బిందువులు చెదిరి దృశ్యం మరింత మసకబారుతుంది. వారానికి ఒకసారి సబ్బు నీటితో కడిగి మెత్తని పొడి గుడ్డతో తుడిస్తే తేడా తెలుస్తుంది. నీటిని నిలవనీయని ఫిల్ములు మార్కెట్లో దొరుకుతున్నాయి. వాటిని బుడగలు లేకుండా అతికించాలి, ప్రతిబింబం స్పష్టంగా ఉందో లేదో సరిచూసుకోవాలి. హీటర్ ఉన్న అద్దానికి ఫిల్ము అతికించే ముందు అది వేడిని తట్టుకునేదో కాదో తెలుసుకోవాలి.

ఇవేవీ ఫలించనంత జోరుగా వాన కురుస్తుంటే వేగం తగ్గించడం, ముందుగానే ఇండికేటర్ వేయడం, ఎడమకు తిరిగే ముందు ఒక క్షణం ఆగి పక్కకు తిరిగి చూడటం తప్పనిసరి. అద్దంలో ఏమీ కనిపించలేదంటే పక్కన ఎవరూ లేరని అర్థం కాదు.