పిల్లల సంగతి: నోరు ఎక్కడ విప్పాలి, ఎక్కడ మూయాలి

ఈ మధ్య ప్రైవేటు స్కూలు టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. కొత్త డేటా చట్టం వచ్చిందట. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల వివరాలు పోలీసులతో సహా ఎవరికి చెప్పినా 250 కోట్లు జరిమానా అట. కింద నాలుగు ఎర్ర ఆశ్చర్యార్థకాలు, ఒక దండం బొమ్మ. ఇది చదివి, వీపు నిండా వాతలతో బడికొచ్చిన పిల్లాడి సంగతి ఎవరికీ చెప్పకుండా ఊరుకున్న టీచరు నాకు తెలుసు. ‘అనుమతి అడుగుదామంటే కొట్టింది వాళ్ల నాన్నే కదండీ’ అందావిడ. అదే కదమ్మా అసలు సంగతి!

ఆ చట్టం డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. పద్దెనిమిదేళ్ల లోపు వారి డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని 9వ సెక్షన్‌లో ఉన్నమాట నిజమే. పిల్లలు ఏం చూస్తున్నారో కనిపెట్టి ప్రకటనలు గుప్పించే యాప్‌లకు కళ్లెం వేయడం దాని ముఖ్యోద్దేశం. 250 కోట్లన్నది డేటాకు తగిన భద్రత కల్పించని సంస్థకు పడగల గరిష్ఠ జరిమానా. పిల్లల డేటా విషయంలో తప్పు చేస్తే గరిష్ఠం 200 కోట్లు. మెసేజ్ రాసిన మహానుభావుడు ఆ ముక్క కూడా సరిగ్గా చదవలేదు.

చదివి ఉంటే 7వ సెక్షన్ కనపడేది. వేరే చట్టం ప్రకారం ప్రభుత్వానికి సమాచారం ఇవ్వాల్సి వస్తే, ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని అందులో ఉంది. నేరాన్ని ఆపడానికో దర్యాప్తు చేయడానికో అయితే అనుమతి నిబంధనే వర్తించదని 17వ సెక్షన్ చెబుతుంది. నోటిమాటకైతే ఈ చట్టంతో పనే లేదు, అది డిజిటల్ డేటాకే. టీచరు వెళ్లి పోలీసుకు చెబితే దేని మీద జరిమానా వేస్తారు, ఆవిడ గొంతు మీదా?

ఇక ఆ ‘వేరే చట్టం’ సంగతి. లైంగిక వేధింపుల విషయంలో అది పోక్సో, అంటే లైంగిక నేరాల నుంచి పిల్లల రక్షణ చట్టం, 2012. నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం వచ్చినా ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలని 19వ సెక్షన్. చెప్పకపోతే ఆర్నెల్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవాడు చేసిన పనిని సంస్థ పెద్ద దాచిపెడితే ఏడాది వరకు జైలు. సదుద్దేశంతో చెప్పినవారి మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ నిలవదు. కావాలని అబద్ధం చెప్పినవాడికే శిక్ష. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో గిరిజన బాలికల హాస్టల్ కేసు గుర్తుందా? పిల్లలపై అత్యాచారాల సంగతి తెలిసీ చెప్పలేదన్న ఆరోపణ ఉన్న డాక్టరు మీద కేసును హైకోర్టు కొట్టేసింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమేనంది.

‘ప్రిన్సిపాల్‌కి చెప్పేశాను, నా పని అయిపోయింది’ అనేవాళ్లకు ఒక మాట: చట్టంలో పోలీసులని ఉంది, ప్రిన్సిపాల్ అని లేదు. ‘సాక్ష్యం ఉండాలి కదా’ అంటారు. సాక్ష్యం వెతకడం పోలీసు పని. ‘మగపిల్లలకు పోక్సో ఉండదు’ అనేవాళ్లతో వాదన కూడా దండగ.

ఒక్క భయాన్ని మాత్రం కొట్టిపారేయలేను. చెబితే ఆడపిల్ల బతుకు అల్లరవుతుందని తల్లులు అంటారు. పదహారు పదిహేడేళ్ల పిల్ల ప్రేమలో పడి గర్భం దాలిస్తే, ఆస్పత్రికి తీసుకెళ్లగానే పోలీసు కేసవుతుందని భయపడి, డిగ్రీ లేని డాక్టర్ల చేతుల్లో పెడుతున్నారు. చెప్పి తీరాలన్న నిబంధనే అక్కడ పిల్ల ప్రాణం మీదికి తెస్తోంది. అందుకే 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొంత వెసులుబాటిచ్చింది: మైనరు, ఆమె సంరక్షకులు కోరితే, గర్భస్రావం చేసే డాక్టరు పోలీసులకు సమాచారం ఇచ్చేటప్పుడు పిల్ల పేరు, వివరాలు చెప్పనక్కర్లేదు. ఈ తీర్పు ఎంతమంది డాక్టర్లకు తెలుసో మరి.

అల్లరి విషయానికొస్తే, అది చేసేది చాలాసార్లు మనమే. పోలీసుకు చెప్పడానికి గోప్యత అడ్డొచ్చినవాళ్లకు అపార్ట్‌మెంట్ గ్రూపులో ‘ఫలానా బ్లాకు, ఫలానా క్లాసు పాప, పాపం’ అని పెట్టడానికి ఏదీ అడ్డు రాదు. అసలు గోప్యత చట్టం ఉన్నది అక్కడ! పేరు ఒక్కటే కాదు. ఫొటో, ఇల్లు, బడి, కుటుంబం, ఇరుగుపొరుగు, వీటిలో ఏది మీడియాలో బయటపెట్టినా పోక్సో 23వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు. బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ఆర్నెల్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా అంటుంది. 2022లో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో బాలికపై అత్యాచారం కేసులో వీడియో బయటపెట్టినందుకు ఒక ఎమ్మెల్యే మీదే కేసు నమోదైంది. ‘మంచి ఉద్దేశంతో షేర్ చేశాను’ అన్నది ఇక్కడ పనికిరాదు.

ఏం చేయాలంటే, పిల్ల చెప్పింది చెప్పినట్టే రాయండి. ‘బస్సంకుల్ పక్కన కూర్చోను’ అంటే అదే రాయండి. ‘పాప అసౌకర్యం వ్యక్తం చేసింది’ అని మీ భాషలోకి మార్చొద్దు. తేదీ, టైము వేయండి. ఇంకోసారి చెప్పమని తరచి తరచి అడగొద్దు, స్టాఫ్ రూముకు పిలిచి నలుగురి ముందు చెప్పించొద్దు, ఫోన్లో రికార్డు చేయొద్దు. వాతలు, బాలకార్మికం, బాల్యవివాహం, ఏదైనా సరే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. లైంగిక నేరమైతే నేరుగా పోలీసులకు చెప్పండి. వాంగ్మూలం కోసం పిల్లను స్టేషన్‌కు లాక్కెళ్లాల్సిన పని లేదు. ఇంటి దగ్గరో, పిల్ల కోరిన చోటో తీసుకుంటారు, పోలీసు యూనిఫాంలో రాకూడదు. ఇలాంటి పిల్లలకు అండగా తెలంగాణలో భరోసా కేంద్రాలున్నాయి. మీరిచ్చిన సమాచారానికి ఎంట్రీ నంబరు పడాలి, రాసుకున్నది మీకు చదివి వినిపించాలి. స్టేషన్‌లో రేపు రమ్మంటే ఇది చట్టంలో ఉందని గట్టిగా అడగండి. నంబరు రాసుకున్న కాగితం బీరువాలో పెట్టి తాళం వేయండి. ఫొటో తీసి గ్రూపులో మాత్రం పెట్టకండి.